లాహోర్ పావలా: ఒక పార్సెల్, రెండు దేశాల ఆంక్షలు

పార్సెల్‌లో మొత్తం 61 వస్తువులు. 60 నాణేలు, ఒక నోటు. పంపినవారు లండన్‌లో ఒక చిన్న డీలరు. అందుకోవలసినవారు మలక్‌పేటలో ఉండే 68 ఏళ్ల విశ్రాంత బ్యాంకు ఉద్యోగి. విలువ 185 పౌండ్లు, అప్పటి మారకంలో సుమారు 21,500 రూపాయలు. 2025 జులై రెండో వారంలో కస్టమ్స్ ఆ పార్సెల్‌ను ఆపేసింది. కొరియర్ ఫారంలో సరుకు పుట్టిన దేశానికి ఒకటే గడి ఉంటుంది. డీలరు అందులో రెండక్షరాలు కొట్టి చేతులు దులుపుకున్నాడు: పీకే. అంటే పాకిస్తాన్.

మరో ఏడాదిలో అయితే ఆ రెండక్షరాలను ఎవరూ పట్టించుకునేవారు కారేమో. 2025 సంగతి వేరు. పహల్గాం దాడి తరువాత, మే 2న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. పాకిస్తాన్‌లో పుట్టిన సరుకు గానీ, అక్కడి నుంచి ఎగుమతి అయిన సరుకు గానీ నేరుగానైనా చుట్టుదారినైనా మన దేశంలోకి రాకూడదు, మన దేశం మీదుగా పోకూడదు. మినహాయింపు కావాలంటే కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి ఉండాలి. మర్నాడు ఆ దేశం నుంచి వచ్చే తపాలా, పార్సెళ్లు కూడా నిలిచిపోయాయి. జూన్‌లో రెవెన్యూ నిఘా విభాగం డీఆర్ఐ ‘ఆపరేషన్ డీప్ మానిఫెస్ట్’ పేరుతో, దుబాయ్ మీదుగా వస్తున్న పాకిస్తానీ సరుకు 39 కంటైనర్లు పట్టుకుంది. సరుకు విలువ సుమారు 9 కోట్ల రూపాయలు. ఇంత జరిగాక నెల తిరగకముందే ఒక అధికారికి తెర మీద ‘పీకే’ కనిపిస్తే ఏం చేస్తాడు? ఆయన కుర్చీలో నేనున్నా ఆపేదాన్నే.

లాయరుగా నేను చేసేవి ఎక్కువగా కస్టమ్స్ కేసులు. యంత్రాల విడిభాగాలు, మందుల ముడిసరుకు, గల్ఫ్ నుంచి వచ్చేవారి బంగారం. నాణేల కేసు నా చేతికి రావడం ఇది రెండోసారి మాత్రమే. పెద్దాయన అనుమతితోనే రాస్తున్నాను. ఆయన్ను గుర్తుపట్టగలిగే వివరాలు మార్చాను.

మొదటిరోజు ఆయన ఆఫీసుకు వచ్చి కూర్చోకుండానే అడిగిన మాట: “అమ్మా, యాభై ఏళ్ల నుంచి చిల్లర పోగుచేస్తున్నాను. ఇప్పుడు నేను స్మగ్లర్‌నా?”

“కూర్చోండి సార్. ముందు మంచినీళ్లు తాగండి. వాళ్లు ఇచ్చిన కాగితం చూపించండి.”

కాగితంలో ఆ మాట లేదు కానీ ఆయన భయం పూర్తిగా ఉత్తది కాదు. విదేశీ వాణిజ్య చట్టం, 1992లోని సెక్షన్ 3(3) ప్రకారం, ఆ చట్టం కింద దిగుమతి నిషేధించిన సరుకు కస్టమ్స్ చట్టంలోని సెక్షన్ 11 కింద నిషేధించినట్లే లెక్క. అలాంటి సరుకు వస్తే 111(డి) కింద జప్తు చేయవచ్చు, 112 కింద జరిమానా వేయవచ్చు. మామూలు సరుకైతే సెక్షన్ 125 కింద, జప్తుకు బదులు సొమ్ము కట్టి విడిపించుకునే అవకాశం అధికారి ఇచ్చి తీరాలి. నిషిద్ధ సరుకుకు ‘ఇవ్వవచ్చు’ అని మాత్రమే చట్టం అంటుంది. మా ప్రాక్టీసులో సగం పోరాటాలు ఆ రెండు మాటల మధ్యే జరుగుతాయి.

ముందు తేల్చుకోవలసింది, 61 వస్తువులను ఒక సరుకుగా చూడాలా, 61 సరుకులుగా చూడాలా అన్నది. కొరియర్ ఫారం ఒకటే సరుకు అంటోంది. డీలరు ఇన్‌వాయిస్ కూడా అంతే: ‘బ్రిటిష్ ఇండియా, తదనంతర దేశాలు, 61, కలగలుపు’. డీలర్లకు ఇది అలవాటే. వేలంలో లాటుగా అమ్మినదాన్ని లాటుగానే రాస్తారు. కానీ ఈ ఒక్క పంక్తి ఇన్‌వాయిస్ లేకుంటే ఈ కేసు ఇంత దూరం వచ్చేది కాదని ఇప్పటికీ నా నమ్మకం. అందుకే మొదట లండన్‌కు ఉత్తరం రాయించాను. ఒక్కో నాణేనికి ఒక్కో పంక్తి చొప్పున సంవత్సరం, టంకశాల, ధర వేసి, సంతకం పెట్టి పంపమన్నాం. పాపం, పంపాడు. ఆ జాబితా చేతికి వచ్చాక కస్టమ్స్ అనుమతితో, అధికారి ఎదుటే మళ్లీ పరిశీలన చేయించాం.

ఆ పూట నాకు బాగా గుర్తుంది. పొడవాటి బల్ల మీద తెల్ల కాగితం పరిచి నాణేలు వరుసగా పేర్చారు. పెద్దాయన జేబులోంచి భూతద్దం తీశారు. చేతులు వణుకుతున్నాయి కానీ నాణేన్ని మాత్రం అంచులతోనే పట్టుకుంటున్నారు, ముఖాన్ని వేలితో తాకడం లేదు. లెక్క ఇలా తేలింది. బ్రిటిష్ ఇండియా నాణేలు 37. సిలోన్, బర్మా నాణేలు 8. పాకిస్తాన్ నాణేలు 14, అన్నీ 1948లోనో ఆ తరువాతో కొట్టినవే; వాటిలో మూడు మధ్యలో రంధ్రం ఉన్న 1948 నాటి చిల్లు కాణులు. క్యూబా నాణెం ఒకటి. ఇవి కాక ఒక రూపాయి నోటు.

చిక్కు వచ్చింది ఆ 37లోనే. వాటిలో తొమ్మిది ఆరో జార్జి పావలాలు, 1943 నుంచి 1945 మధ్యవి. యుద్ధకాలంలో వెండి చాలక సగం వెండి, మిగతా సగం రాగి, నికెల్, జింకు కలిపి కొట్టినవి. భూతద్దం కింద ఆ తొమ్మిదింటి మీదా ఇంగ్లీషు ఎల్ అక్షరం, ఆవగింజంత. ఎల్ అంటే లాహోర్ టంకశాల. మన హైదరాబాద్ టంకశాల నాణేల మీద సంవత్సరం కింద నక్షత్రం ఉన్నట్లే అదీ ఒక గుర్తు.

ఆ ఎల్‌ను అధికారికి చూపించినది పెద్దాయనే. నేను కళ్లతో ఆపబోయాను, ఆయన నా వైపు చూడలేదు. సేకరణ చేసేవారికి తమకు తెలిసింది దాచుకోవడం చేతకాదు. బయటికి వచ్చాక అడిగితే, “ఆయన అడిగాడు కదమ్మా, చెప్పకుండా ఎలా ఉంటాను?” అన్నారు. తరువాత ఆలోచిస్తే ఆయన చేసిందే మేలయింది. విచారణ రోజున మేము ఏదో దాచామన్న మాట రాలేదు.

క్యూబా నాణెం కథ ఇక్కడే చెప్పాలి. చే గువేరా ముఖం ఉన్న మూడు పెసోల బిళ్ల, 1990 నాటిది. దాని జోలికి మన కస్టమ్స్ పోలేదు, పోవలసిన పనీ లేదు. క్యూబా మీద మన దేశానికి ఏ నిషేధమూ లేదు. అమెరికా ఆంక్షలను ఎత్తేయాలంటూ ఐక్యరాజ్యసమితిలో ఏటా వచ్చే తీర్మానానికి భారత్ ఓటు వేస్తూనే ఉంది. కానీ ఈ పార్సెల్‌కు మొదటి దెబ్బ తగిలింది ఆ నాణెం వల్లే. మొదట డబ్బు కట్టబోయింది పెద్దాయన కాదు, డాలస్‌లో ఉన్న అల్లుడు. మామగారి పుట్టినరోజుకు బహుమతిగా ఇద్దామనుకున్నాడు. ఆన్‌లైన్‌లో సొమ్ము పంపగానే ఒక చెల్లింపు సంస్థ ఆపేసి ప్రశ్నల పట్టిక పంపింది. వివరణలో ‘క్యూబా’ అన్న మాట ఉండటమే కారణం. అల్లుడు కంగారుపడి లావాదేవీ రద్దు చేసుకున్నాడు. పెద్దాయన తన సొంత కార్డుతో కట్టారు.

అల్లుడు తెలియకుండానే మంచి పని చేశాడు. అమెరికా ఖజానా శాఖలో విదేశీ ఆస్తుల నియంత్రణ కార్యాలయం ఒకటుంది, ఓఫాక్ అంటారు. క్యూబా ఆస్తుల నియంత్రణ నిబంధనలు 1963 నుంచి ఉన్నాయి. అమెరికా అధికార పరిధిలో ఉన్న ఏ వ్యక్తీ క్యూబాలో పుట్టిన సరుకును అమెరికా బయట కూడా కొనకూడదు, రవాణా చేయకూడదు, దాని లావాదేవీలో వేలు పెట్టకూడదు. లండన్‌లో ఉన్న నాణేన్ని హైదరాబాద్‌కు పంపించడానికి డాలస్ నుంచి డబ్బు కట్టినా అంతే. పౌరసత్వం ఉందా లేదా అన్నది అక్కర్లేదు, మనిషి అక్కడ ఉంటే చాలు. పైగా ఇలాంటి ఉల్లంఘనల మీద చర్యకు అయిదేళ్లుగా ఉన్న కాలపరిమితిని 2024లో పదేళ్లకు పెంచారు.

“అయితే దసరాకు డాలస్ వెళ్లేటప్పుడు మనవడికి చేత్తో తీసుకెళ్లి ఇస్తానమ్మా. ఒక్క బిళ్లే కదా.”

“వద్దండీ. ఊరికే ప్రశ్నలు వస్తాయి. చే గువేరా బొమ్మే కావాలంటే పోస్టరు తీసుకెళ్లండి.”

ఆయన నేను హాస్యమాడుతున్నానని అనుకున్నారు. నిజమే చెప్పాను. ఆ నిబంధనల్లో సమాచార సామగ్రికి మినహాయింపు ఉంది. పుస్తకాలు, సినిమాలు, పోస్టర్లు, ఫొటోలు, కళాకృతులు అందులోకి వస్తాయి. ఆ జాబితాలో నాణెం అన్న మాట లేదు. ఒకే ముఖం కాగితం మీద ఉంటే ఆ మినహాయింపు దొరుకుతుంది, లోహం మీద ఉంటే దొరకదు. చట్టాలు రాసేవారికి నాణేల సేకరణ అనే పని ఒకటుందని గుర్తుండదేమో అనిపిస్తుంది ఇలాంటప్పుడు.

మన దేశంలో మాత్రం ఒకటి రెండు చోట్ల గుర్తుపెట్టుకున్నారు. విదేశీ మారకద్రవ్యం దగ్గర ఉంచుకోవడం గురించి రిజర్వ్ బ్యాంకు 2015లో చేసిన నిబంధనల్లో, విదేశీ నాణేలు ఎవరైనా ఎన్నైనా ఉంచుకోవచ్చని ఉంది. నోట్లకు 2,000 డాలర్ల పరిమితి పెట్టి, నాణేలకు ఏ పరిమితీ పెట్టలేదు. 2017లో రద్దయిన నోట్ల చట్టం వచ్చినప్పుడు కూడా మామూలు మనిషికి పది నోట్లు, అధ్యయనానికో సేకరణకో అయితే 25 నోట్లు అని వెసులుబాటు ఇచ్చారు. ఇవి ఎందుకు చెబుతున్నానంటే, పెద్దాయన ఇంట్లో 1974 నుంచి పోగుచేసిన రెండు ఆల్బముల నిండా పాకిస్తాన్ నాణేలున్నాయి. వాంగ్మూలంలో వాటి గురించీ అడిగారు. వాటికి ప్రమాదం లేదు. నిషేధం దిగుమతి మీద, దగ్గర ఉంచుకోవడం మీద కాదు. దొంగసరుకు కాదని సొంతదారే నిరూపించుకోవలసిన బంగారం, గడియారాల వంటి వస్తువుల జాబితా కస్టమ్స్ చట్టం సెక్షన్ 123లో ఉంది. నాణేలు అందులో లేవు. దక్షిణాఫ్రికా బంగారు నాణేలైన క్రూగెరాండ్ల విషయంలో అమెరికా కూడా 1985లో ఇదే గీత గీసింది. కొత్తగా తేవడాన్ని ఆపింది కానీ, అప్పటికే దేశంలో ఉన్నవాటిని కొనడం అమ్మడం ఆపలేదు.

షోకాజ్ నోటీసు సెప్టెంబరులో వచ్చింది. మొత్తం 61నీ జప్తు చేయాలన్నది ప్రతిపాదన. జవాబు రాయడానికి ముందు నేను తీసుకున్న నిర్ణయం పెద్దాయనకు నచ్చలేదు. 14 పాకిస్తాన్ నాణేలను వదిలేద్దామన్నాను. అవి లండన్ నుంచి వచ్చాయి కాబట్టి ‘అక్కడి నుంచి ఎగుమతి అయిన’ అన్న మాట వర్తించదు. కానీ ‘అక్కడ పుట్టిన’ అన్న మాట మాత్రం తప్పించుకోలేనిది. ‘చుట్టుదారిన’ అని రాసిందే ఇలాంటివాటికి. 1950లో పాకిస్తాన్‌ను వదిలి వెళ్లిన నాణెం వల్ల నేడు ఆ దేశానికి కాణీ లాభం లేదన్నది న్యాయమైన వాదనే. అయితే నోటిఫికేషన్ లాభం గురించి మాట్లాడటం లేదు, దేశ భద్రత, ప్రజా విధానం గురించి మాట్లాడుతోంది. గెలవలేని 14 కోసం వాదిస్తే గెలవగలిగిన 47 మసకబారతాయి. ఆయన రెండు రోజులు ఫోను చేయలేదు. మూడో రోజు వచ్చి, “చిల్లు కాణులు మా నాన్నగారి కాలంనాటివమ్మా” అని మాత్రం అని సంతకం పెట్టారు.

అన్నీ లండన్‌కే తిప్పి పంపేద్దామని మా జూనియర్ సలహా ఇచ్చాడు. నిషిద్ధ సరుకు విషయంలో అదొక మామూలు దారి. కానీ ఆ 37లో రెండు అయిదో జార్జి నాణేలు 1919వి. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడానికి వీల్లేదు. ఇంకా సుంకం కట్టి విడిపించని సరుకుకు అది వర్తిస్తుందా అన్నది పెద్ద చర్చ. ఒక తగువు తీర్చుకోబోయి ఇంకోటి కొని తెచ్చుకోవడం ఎందుకని ఆ దారి మూసేశాను.

ఇక లాహోర్ పావలాలు. ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. మొదటి చిత్తులో గొప్పగా ఒక వాదన రాశాను. చార్మినార్ బొమ్మ ఉన్న మన హాలీ సిక్కా రూపాయిని తీసుకోండి. నైజాం రాజ్యం తన సొంత టంకశాలలో కొట్టుకున్నది. 1947 చివర్లో హైదరాబాద్ ఒక ఆర్డినెన్సుతో భారత కరెన్సీ చెలామణిని ఆపింది, మరోదానితో భారత్‌కు విలువైన లోహాల ఎగుమతిని ఆపింది. అటు నుంచి మన ఊరికి సరుకులు రాకుండా దిగ్బంధమూ జరిగింది. అంటే ఆ నాణెం భారత్‌ది కాదు, రాజ్యం ఎవరిదో నాణెం వారిది. కాబట్టి లాహోర్ పావలా పాకిస్తాన్‌ది కాదు. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. మా జూనియర్ చదివి నెమ్మదిగా అడిగాడు: “మేడం, హాలీ సిక్కాను ఇప్పుడు లండన్ నుంచి తెప్పిస్తే ఫారంలో పుట్టిన దేశం ఏమని రాస్తాం?”

ఇండియా అని రాస్తాం. అంటే నేల ఇప్పుడు ఎవరిదైతే నాణెం వారిదని మేమే ఒప్పుకున్నట్లు. లాహోర్ నేల ఇప్పుడు పాకిస్తాన్‌ది. ఆ పేజీ చింపేశాను.

చివరికి రాసింది చాలా సాదా వాదన. ‘పాకిస్తాన్‌లో పుట్టిన సరుకు’ అనాలంటే, సరుకు పుట్టేనాటికి పాకిస్తాన్ అనే దేశం ఉండాలి. 1944లో లేదు. రెండు దేశాల మధ్య కస్టమ్స్ హద్దు ఏర్పడింది 1948 మార్చిలో. ఈ పావలాను ఇచ్చింది భారత ప్రభుత్వం, దాని మీద ఇంగ్లీషులో ‘ఇండియా’ అని ఉంది, కలకత్తాలోనూ మద్రాసులోనూ చెల్లింది. నాణేల కేటలాగులు కూడా దాన్ని బ్రిటిష్ ఇండియా శీర్షిక కిందే చూపిస్తాయి. కేటలాగు పేజీల నకళ్లు, నాణెం రెండు ముఖాల ఫొటోలు పెద్దవి చేయించి జతచేశాం.

నవంబరులో విచారణ పావుగంటకు మించి జరగలేదు. అధికారి ఫొటో చూసి, “ఎల్ ఎక్కడండీ?” అని అడిగారు. పెద్దాయన లేచి వెళ్లి వేలితో చూపించారు. “మరి ఎల్ లేనివి?” అంటే, బొంబాయివో కలకత్తావో చెప్పుకొచ్చారు. ఆయన చెబుతున్నంతసేపూ అధికారి కుతూహలంగానే విన్నారు. నేను మాట్లాడింది తక్కువ.

నోటు సంగతిలో నేను సరిగ్గా సిద్ధపడలేదు. 1940 అని అచ్చయిన ఆరో జార్జి ఒక రూపాయి నోటు అది. పైన ఇంగ్లీషులో, కింద ఉర్దూలో ‘పాకిస్తాన్ ప్రభుత్వం’ అని అదనపు ముద్ర. విభజన జరిగాక కొత్త దేశానికి సొంత నోట్లు లేవు. 1948 జూన్ 30 దాకా మన రిజర్వ్ బ్యాంకే పాకిస్తాన్‌కూ కేంద్ర బ్యాంకుగా పనిచేసింది. నాసిక్ ప్రెస్‌లో అచ్చయిన మన నోట్ల మీదే ఆ ముద్ర వేసి అక్కడికి పంపారు. కాబట్టి ఈ నోటు పుట్టింది నాసిక్‌లో. ఇదంతా నోటితో చెప్పాను, రుజువుగా ఒక్క కాగితం పెట్టలేదు. తెలిసిన సంగతే కదా అన్న ధీమా. ఎవరికి తెలిసిన సంగతి? నాణేలవాళ్లకు తెలుసు. ఫైలుకు తెలియదు.

డిసెంబరులో ఉత్తర్వు వచ్చింది. 46 నాణేలు విడుదల, వాటిలో తొమ్మిది లాహోర్ పావలాలూ ఉన్నాయి. వాటి గురించి ఉత్తర్వులో ఒకే వాక్యం: ముద్రించిన నాటికి పాకిస్తాన్ ఉనికిలో లేనందున నోటిఫికేషన్ వర్తించదని. 14 పాకిస్తాన్ నాణేలు, ఒక నోటు పూర్తిగా జప్తు, విడిపించుకునే అవకాశం లేదు. జరిమానా 3,000 రూపాయలు. నిషిద్ధ సరుకు అయినప్పుడు జరిమానా సరుకు విలువకు గానీ, 5,000 రూపాయలకు గానీ, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి మించకూడదు. ఆ 15 వస్తువుల విలువ 5,000 దాటదని డీలరు పంపిన విడివిడి జాబితాతో తేలింది కాబట్టి అక్కడా ఆ జాబితా కాపాడింది.

ఈ కేసు సంగతి తెలిసి ఆదివారం కోఠి ఫుట్‌పాత్‌ల మీద నాణేలు చూసుకునే ఇద్దరు ముగ్గురు ఫోను చేశారు. ఒకరు ఉత్తర కొరియా అల్యూమినియం నాణేలు చైనా డీలరు దగ్గర చవగ్గా ఉన్నాయి, తెప్పించుకోవచ్చా అని అడిగారు. వద్దన్నాను. భద్రతా మండలి తీర్మానాలను అనుసరించి 2017లో మన దేశం ఆ దేశంతో ఆహారం, మందులు తప్ప మిగతా వాణిజ్యం నిషేధించింది. ఇరాన్ నాణేల గురించి అడిగిన ఇంకొకరికి వేరే జవాబు చెప్పాను. మన చట్టంలో వాటికి అడ్డు లేదు, కానీ డబ్బు ఏ దేశపు సంస్థ ద్వారా వెళుతుందో చూసుకొమ్మన్నాను. అందరికీ చెప్పిన రెండో మాట మాత్రం ఒకటే. లాటు కొన్నా, పంక్తి పంక్తికీ సంవత్సరం, టంకశాల రాసిన బిల్లు పార్సెల్ కదలకముందే తెప్పించుకోండి.

పెద్దాయన జరిమానా కట్టేస్తారనుకున్నాను. కట్టలేదు. సెక్షన్ 128 కింద అప్పీలుకు 60 రోజుల గడువుంది. 53వ రోజున వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాసిక్ ప్రెస్ చరిత్ర మీద పాత వ్యాసాల నకళ్లు, ఆ నోటు గురించిన కేటలాగు పేజీ, గ్రంథాలయం నుంచి తెచ్చిన 1947 నాటి ద్రవ్య వ్యవస్థ ఉత్తర్వు ప్రతి. నేను విచారణకు ముందు చేయవలసిన పని ఆయన చేసుకొచ్చారు.

“నాణేలు పోతే పోనీయండమ్మా, ఒప్పుకున్నాం కదా. నోటు మాత్రం అడుగుదాం.”

అప్పీలుకు ముందు జరిమానాలో 7.5 శాతం కట్టాలి. అంటే 225 రూపాయలు. జేబులోంచి తీసి లెక్కపెట్టి బల్ల మీద పెట్టారు. ఫీజు సంగతి నేను ఎత్తలేదు. 57వ రోజున అప్పీలు దాఖలు చేశాం, ఈసారి కాగితాలన్నీ జతచేసి.